కుటుంబమంతా ఎక్కే పాత బోటు: డాలస్ చుట్టుపక్కల చేపల వేటకి సెకండ్‌హ్యాండ్ బోటు ఎలా కొనాలి

డాలస్ చుట్టూ నీళ్లకి కొదవ లేదు. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, రే హబ్బర్డ్, రే రాబర్ట్స్, జో పూల్ లేకులు ఊళ్లని ఆనుకునే ఉన్నాయి. ఇంకాస్త ఉత్తరానికి పోతే ఓక్లహోమా సరిహద్దు మీద టెక్సోమా ఉంది. ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్లలో వారాంతాల్లో గాలం వేసే అలవాటు ఉన్నవాళ్లకి ఏదో ఒక రోజు బోటు కొనాలనిపించడం సహజం. కొత్తది కొనాలంటే కారు ధర అవుతుంది. పాతది చూసి కొనుక్కుంటే అందుబాటులోకి వస్తుంది.

కానీ చాలా ఇళ్లల్లో కొన్న బోటు రెండేళ్లకే కవర్ కింద మూలన పడుతుంది. ఎక్కువసార్లు దానికి కారణం మోటారు చెడిపోవడం కాదు. ఇంట్లో గాలం వేసే ఒక్క మనిషికి నచ్చినది కొంటారు. ఎండకి తాళలేక ఒకరు, ఎక్కలేక ఒకరు, బాత్రూమ్ లేదని ఒకరు రావడం మానేస్తారు. ఒంటరిగా వెళ్లాలంటే ఆయనకీ ఉత్సాహం తగ్గుతుంది. కాబట్టి బోటుని మీ ఇంట్లో అందరికంటే ఇబ్బంది పడే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోండి. ఆ మనిషి మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య కావచ్చు, నాలుగేళ్ల పిల్ల కావచ్చు. వాళ్లు హాయిగా కూర్చోగలిగితే మిగతావాళ్ల గురించి బెంగ అక్కర్లేదు.

కొనేముందు అద్దెకి తీసుకోండి

ముందు ఇంట్లోవాళ్లకి ఈ సరదా ఉందో లేదో చూసుకోండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. జో పూల్ ఒడ్డున సీడర్ హిల్ పార్కుకో, టెక్సోమా ఒడ్డున ఐసెన్‌హవర్ పార్కుకో వెళ్లి ఒక పూట గడపండి. ఆ తర్వాత ఏదైనా మరీనాలో సగం రోజుకి పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే చదునైన బోటు) అద్దెకి తీసుకుని అందర్నీ ఎక్కించండి.

ఆ సగం రోజులో గమనించాల్సింది చేపల్ని కాదు, మనుషుల్ని. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎండ ఎవరి మీద పడింది, నిచ్చెన ఎవరికి కష్టమైంది, ఎన్ని గంటలకి ఎవరు ఇంటికి పోదామన్నారు, అన్నం డబ్బాలు పెట్టుకోవడానికి చోటు చాలిందా అన్నది చూడండి. ఇంటికి వచ్చాక అవన్నీ కాగితం మీద రాసిపెట్టుకోండి. రేపు బేరానికి వెళ్లినప్పుడు మెరిసే సీట్లు, పాటల బాక్సు చూసి మనసు జారకుండా ఆ కాగితం కాపాడుతుంది.

ఏ రకం బోటు

ప్రకటనల్లో మీకు అన్నిటికంటే ఎక్కువ కనిపించేవి బాస్ అనే చేపల వేటకి చేసిన బాస్ బోట్లు. చూడటానికి అందంగా, తక్కువ ధరకి, పెద్ద మోటారుతో ఉంటాయి. అవి ఇద్దరు వేటగాళ్ల కోసం కట్టిన బోట్లు. అంచులు నీటికి చాలా దగ్గరగా ఉంటాయి, నిలబడే చోట రెయిలింగ్ ఉండదు, నీడ ఉండదు. చిన్నపిల్లలున్న ఇంటికి వాటిని నేను చెప్పను, ధర ఎంత తక్కువైనా సరే.

జాన్ బోటు అంటే చదునైన అడుగున్న చిన్న అల్యూమినియం బోటు. 14, 16 అడుగుల్లో దొరుకుతుంది. ధర తక్కువ, చిన్న మోటారు చాలు, మామూలు కారుతో లాగొచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు కలిసి ప్రశాంతంగా ఉండే చిన్న కయ్యల్లో తిరగడానికి చక్కగా పనికొస్తుంది. గాలి రేగిన టెక్సోమా మీదకి మాత్రం దాంతో వెళ్లకూడదు. ఆ లేకు దాదాపు 89,000 ఎకరాలు, మధ్యాహ్నానికి దక్షిణపు గాలి పుంజుకుంటే అలలు తేలిగ్గా తీసుకునేవి కావు.

లోతైన వి ఆకారపు అడుగున్న 16 నుంచి 18 అడుగుల అల్యూమినియం బోట్లు అలల్ని బాగా కోస్తాయి. అంచులు ఎత్తుగా ఉంటాయి కాబట్టి పిల్లలకి భద్రం. నలుగురి కుటుంబానికి, అందరూ చురుగ్గా ఉంటే, ఇది మంచి బోటు. డెక్ బోట్లు, ఫిష్ అండ్ స్కీ బోట్లు మధ్యరకం, చేపలకీ ఈతకీ రెండింటికీ పనికొస్తాయి. సముద్రతీరంలోని గాల్వెస్టన్ వైపు నుంచి వచ్చే, నడిపే చోటు మధ్యలో ఉండే సెంటర్ కన్సోల్ బోట్లు ఉప్పునీటిలో తిరిగినవి. వైర్లు, బోల్టులు, ట్రైలర్ ఇరుసు తుప్పు పట్టి ఉండే అవకాశం ఎక్కువ కనక మొదటి బోటుగా తీసుకోకపోవడమే మేలు.

అమ్మానాన్నలో, అత్తమామలో ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే ఇంటికి నా ఓటు పాంటూన్‌కే. రెండు లేదా మూడు అల్యూమినియం గొట్టాల మీద చదునైన వేదిక, చుట్టూ రెయిలింగ్, గేట్లు, పైన బిమిని అనే గుడ్డ నీడ. మరీనాలో డాక్ పక్కన ఆపితే దాదాపు ఒకే ఎత్తులో అడుగు తీసి అడుగు వేసి లోపలికి నడవొచ్చు. ఒకవైపు నలుగురు నిలబడ్డా భయపడేంతగా ఒరగదు. 20 నుంచి 22 అడుగులది చాలు. అమ్మకానికి ఉన్న పాంటూన్లలో చేపల వేటకని చేసినవి వేరుగా ఉంటాయి, వాటిని అడగండి. ముందు మూలల్లో గుండ్రంగా తిరిగే సీట్లు, పట్టిన చేపని బతికించి ఉంచే లైవ్‌వెల్, గాలాలు పెట్టుకునే స్టాండ్లు ఉంటాయి. మూల సోఫాలన్నీ తీసేస్తే నిలబడి గాలం వేయడానికి చోటొస్తుంది.

ఇంకొక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. పెద్దాయనకి షుగరుంటే, ఇంట్లో ఆడవాళ్లుంటే, మూడు గంటలు నీళ్ల మీద ఉండాలంటే టాయిలెట్ సంగతి ముందే ఆలోచించాలి. కొన్ని పాంటూన్లలో పైకి లేపితే చిన్న గుడారంలా నిలబడే మరుగు ఉంటుంది. అందులో పోర్టబుల్ టాయిలెట్ పెట్టుకోవచ్చు. ఆ ఏర్పాటున్న పాంటూన్ దొరికితే దాన్ని ముందు వరుసలో ఉంచండి. మా ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లు ఈ ఒక్క కారణానికి ఒడ్డునే ఉండిపోతారో అడిగితే తెలుస్తుంది.

పాంటూన్‌కి ఒక బలహీనత ఉంది. పక్కగాలి దాన్ని బాగా తోసేస్తుంది. క్రాపీ చేపల కోసం మునిగిన చెట్ల కొమ్మల మీద నిలకడగా ఉండాలంటే ముందొకటి, వెనకొకటి రెండు యాంకర్లు కావాలి, లేదా జీపీఎస్‌తో ఒకేచోట నిలిపే ట్రోలింగ్ మోటారు (చిన్న ఎలక్ట్రిక్ మోటారు) కావాలి. పాత బోటు మీద అలాంటి ట్రోలింగ్ మోటారు ఉంటే అది నిజంగా విలువైన వస్తువు.

మీ బండి ఎంత బరువు లాగుతుంది

బేరం మొదలుపెట్టక ముందే ఈ లెక్క చూసుకోండి. అమ్మేవాళ్లు చెప్పే బరువు ఉత్త బోటుది. ఉదాహరణకి 20 అడుగుల పాంటూన్ సుమారు 2,000 పౌండ్లు అనుకోండి. 90 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు ఇంకో 360 పౌండ్లకి అటూ ఇటూ. ట్రైలర్ వెయ్యికి దగ్గర. పెట్రోలు గ్యాలనుకి 6 పౌండ్ల చొప్పున ఇరవై గ్యాలన్లు 120. బ్యాటరీలు, యాంకర్లు, ఐస్ కూలర్, లైఫ్ జాకెట్లు కలిపితే 3,500 దాటిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్ల ముందున్న బండ్లు చూడండి. సియెన్నా, ఒడిస్సీ వ్యాన్లకి గరిష్ఠంగా 3,500 పౌండ్లే. టెస్లా మోడల్ వైకి కూడా అంతే. హైలాండర్ హైబ్రిడ్‌ది 3,500, పెట్రోలు హైలాండర్‌ది 5,000. హోండా పైలట్ అయితే నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నది 5,000, ముందు చక్రాల డ్రైవ్ ఉన్నది 3,500. ఏడాదిని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది కనక మీ బండి మాన్యువల్ తీసి చదవండి. బండిలో ఆరుగురు కూర్చుంటే ఆ బరువూ లెక్కలోకి వస్తుందని మరిచిపోకండి. బోటుని నీళ్లలోకి దింపే తడిసిన ర్యాంప్ ఏటవాలులో బోటుని పైకి లాగాల్సింది ఆ బండే, దాన్ని ఆపాల్సిందీ ఆ బ్రేకులే.

బండి చాలకపోతే ఇంకో దారి ఉంది. లేకు దగ్గర మరీనాలో స్లిప్ (బోటు కట్టేసే చోటు) అద్దెకి తీసుకుంటే బోటు నీళ్లలోనే ఉంటుంది, లాగే పని ఉండదు. నెల అద్దె కట్టాలి కానీ బోటు కోసం పెద్ద ట్రక్కు కొనడం కంటే చవక. పైగా ర్యాంప్ హడావిడి లేకపోతే శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక కూడా రెండు గంటలు వెళ్లి రావొచ్చు.

డబ్బు

అప్పు చేసి బోటు కొనొద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి ఇది ఇంకా గట్టిగా చెప్తాను. ఉద్యోగం పోతే బోటుని రెండు వారాల్లో అమ్మలేం, ముఖ్యంగా చలికాలంలో.

చేతిలో ఉన్న మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టి మిగతాదే బోటు ధరగా అనుకోండి. 15,000 డాలర్లుంటే 12,000 దాటొద్దు. టెక్సస్‌లో బోటు, మోటారు ధర మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ ఉంది. దాని పైన టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ ఫీజులు, ఇన్సూరెన్సు, కొత్త బ్యాటరీ, ట్రైలర్ టైర్లు, లైఫ్ జాకెట్లు ఉంటాయి. ఆ ఐదో వంతు వీటికే సరిపోతుంది.

ధర ఎంతుండాలో తెలుసుకోవడానికి జేడీ పవర్ వాళ్ల బోట్ల ధరల పట్టిక చూడండి, బోట్ ట్రేడర్ వెబ్‌సైట్‌లో అదే ఏడాది, అదే మోడల్ ఎంతకి పెట్టారో పోల్చుకోండి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో మనిషి దగ్గర నేరుగా కొంటే చవక. కానీ సగం ధరకే ఇస్తాం, డబ్బు పంపితే బోటు మేమే ఇంటికి చేరుస్తాం అనే ప్రకటన కనిపిస్తే అక్కడితో వదిలేయండి. బోటుని కళ్లారా చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకూడదు.

కొనడానికి మంచి కాలం సెప్టెంబరులో లేబర్ డే తర్వాత. పిల్లల బళ్లు అప్పటికే మొదలై ఉంటాయి, చలికాలం నిల్వ అద్దె కట్టడం ఇష్టంలేక అమ్మేవాళ్లు దిగివస్తారు. మార్చిలో అందరూ కొనేవాళ్లే.

రెండు కుటుంబాలు కలిసి కొనడం మనవాళ్లలో బాగా ఉంది. మంచిదే, ఖర్చు సగం అవుతుంది. టైటిల్ మీద ఇద్దరి పేర్లు, ఇన్సూరెన్సులో నడిపేవాళ్లందరి పేర్లు ఉండాలి. ఒకరు ఊరు మారితే రెండోవాళ్లు ఏ లెక్కన వాటా కొంటారో ముందే కాగితం మీద రాసుకోండి. స్నేహం గట్టిగా ఉన్నప్పుడే రాసుకోవాలి.

వెళ్లి చూసేటప్పుడు: ముందు బోటు ఒళ్లు

పగటిపూట వెళ్లండి. కవర్ తీసేసి, బోటు తడి లేకుండా ఉంటే మంచిది. సీట్లు చివర చూడండి, చిరిగిన సీటు కుట్టించుకోవచ్చు.

మొదట చూడాల్సింది వెనక గోడ, అంటే మోటారు వేలాడే ట్రాన్సమ్. ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి ఆ గోడ లోపల చెక్క ఉంటుంది. స్క్రూల చుట్టూ నీరు ఇంకితే చెక్క పుచ్చిపోతుంది, పైకి మాత్రం నున్నగానే కనిపిస్తుంది. మోటారుని సగం పైకి లేపి, కింది భాగం మీద చేత్తో బరువు వేసి మెల్లగా ఊపండి. గోడ వంగినట్టు, పగుళ్లు తెరుచుకున్నట్టు కనిపిస్తే కొనే ఆలోచన మానుకోండి. దాన్ని బాగుచేయించే ఖర్చు బోటు ధరలో పెద్ద భాగం తినేస్తుంది. తర్వాత ప్లాస్టిక్ సుత్తితో అంతటా తట్టండి. గట్టి చోట టక్ మని మోగుతుంది, పుచ్చిన చోట మొద్దుగా వినిపిస్తుంది. లోపల నేల మీద చెప్పులు విప్పి నడవండి. మెత్తగా కిందకి దిగే చోటు తగిలితే కింద చెక్క పోయిందని అర్థం.

పాంటూన్ అయితే మామూలుగా నేలంతా ప్లైవుడ్. కార్పెట్ కింద దాగి ఉంటుంది కాబట్టి గేట్ల దగ్గర, వెనక మోటారు చుట్టూ, సీట్ల కింద నొక్కి చూడండి. ట్రైలర్ కింద పడుకుని గొట్టాల్ని చివరినుంచి చివరిదాకా చూడండి. చిన్న సొట్టలు ఫర్వాలేదు. వెల్డింగ్ దగ్గర పగుళ్లు, నేలని గొట్టానికి కలిపే బ్రాకెట్ల చుట్టూ గీతలు ఉంటే ఫర్వాలేదనుకోకూడదు. గొట్టం లోపల నీళ్లున్నాయేమో తట్టి వినండి. కొన్నింటికి కింద డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, ఉంటే విప్పించండి.

రివెట్లు వేసిన అల్యూమినియం బోటు అయితే, ట్రైలర్ మీదే లోపల కొంచెం నీళ్లు పోసి కింద ఎక్కడ కారుతుందో చూడొచ్చు. ఇదే అన్నిటికంటే తేలికైన పరీక్ష.

పిల్లల కోసం ప్రతి గేటు గొళ్లెం తీసి వేసి చూడండి. వెనక నిచ్చెన మెట్లు వెడల్పుగా ఉన్నాయా, పిన్నులు అరిగాయా అన్నది నిచ్చెన దించి, దాని మీద మీరే నిలబడి చూడాలి. అంచు దగ్గర కెపాసిటీ ప్లేట్ ఉందేమో వెతకండి. ఎంతమంది, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ అన్నది దాని మీద ఉంటుంది. ప్లేట్ మీద 115 రాసి ఉండి వెనక 150 మోటారు వేలాడుతుంటే ఇన్సూరెన్సు దగ్గర మీకు ఇబ్బంది వస్తుంది.

మోటారు

మొదటిసారి కొనేవాళ్లు బోటు వెనక బయట వేలాడే ఔట్‌బోర్డ్ మోటారుకే పరిమితం కండి. లోపల ఇంజన్ ఉండే స్టెర్న్‌డ్రైవ్ బోట్లు చవగ్గా కనిపిస్తాయి. వాటికి చలికాలంలో నీళ్లు పూర్తిగా తీసేయకపోతే ఇంజన్ బ్లాక్ గడ్డకట్టి పగులుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టిన వారం గుర్తుంది కదా, అప్పటికి ఇక్కడే ఉన్న స్టెర్న్‌డ్రైవ్ బోటు అమ్ముతుంటే ఆ వారం దాన్ని ఎలా ఉంచారని తప్పకుండా అడగండి. ఔట్‌బోర్డ్‌ని నిలువుగా దించి ఉంచితే నీళ్లు వాటంతట అవే కారిపోతాయి.

యమహా, మెర్క్యురీ, సుజుకీ, హోండా ఫోర్ స్ట్రోక్ మోటార్లకి విడిభాగాలు, మెకానిక్కులు తేలిగ్గా దొరుకుతారు. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. మోటారు బాగున్నా అది గుర్తుపెట్టుకుని బేరమాడండి. ఇరవై అడుగుల పాంటూన్‌కి 40 హార్స్‌పవర్ మోటారుంటే కుటుంబమంతా ఎక్కాక నత్తనడకే. గాలికి ఎదురు రావాల్సి వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. 90 ఉంటే నిశ్చింత.

మీరు వెళ్లేదాకా మోటారు స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వెళ్లగానే చెయ్యి వేసి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లటి మోటారు ఎలా అంటుకుంటుందో అదే అసలు సంగతి. గొట్టంతో నీళ్లు పెట్టి స్టార్ట్ చేశాక పక్కనుంచి సన్నటి ధార నిలకడగా రావాలి. రాకపోతే, నీరసంగా వస్తే నీటి పంపులోని ఇంపెల్లర్ అరిగి ఉండొచ్చు. దాన్ని ఎలాగూ రెండు మూడేళ్లకోసారి మార్చాలి. చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్పలేకపోతే మార్చనట్టే లెక్క.

కింద గేర్ బాక్సు నూనె ప్లగ్ కొంచెం వదులు చేయించి నాలుగు చుక్కలు చూడండి. తెల్లబారి ఉంటే సీలు పోయి లోపలికి నీళ్లు వెళ్లాయి. ఇనుప ముక్కలు కనిపిస్తే గేర్లు అరిగాయి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్‌లో వాటి అంకెలు ఒకదానికొకటి పది శాతం లోపు తేడాలో ఉండాలి. అంకె ఎంత అన్నదానికంటే అన్నీ సమానంగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఇవి మీ చేతికి రాకపోతే మెరైన్ మెకానిక్‌ని తీసుకెళ్లండి. కొన్ని వందల డాలర్లు అవుతుంది, ఆ డబ్బు దండగ కాదు. మెకానిక్ చూడటానికి ఒప్పుకోని మనిషి దగ్గర కొనొద్దు.

గంటల మీటరు కూడా చూడండి కానీ తక్కువ గంటలు చూసి మురిసిపోకండి. పదిహేనేళ్లలో 60 గంటలే తిరిగిన మోటారులో పాత పెట్రోలు బంకలా పేరుకుపోయి, రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి. ఏటా యాభై గంటలు తిరిగి, రసీదులున్న మోటారుని నేను ముందు ఎంచుకుంటాను.

ట్రైలర్

బోటు మీద కళ్లుండి ట్రైలర్‌ని ఎవరూ చూడరు. చివరికి ఎండలో హైవే పక్కన ఆగిపోయేది దానివల్లే. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే పట్టు బాగున్నట్టు కనిపించినా మార్చాల్సిందే. చక్రాన్ని పైకి లేపి తిప్పండి, గరగర వస్తే బేరింగ్ పోయింది. లైట్లు, బోటుని ట్రైలర్ మీదకి లాగే విన్చ్ పట్టీ, బండికి తగిలించే హిచ్ బాల్ సైజు కూడా చూసుకోండి.

నీళ్ల మీద తిప్పి చూడకుండా కొనొద్దు

మన ఊళ్లో గేదెని కొనేవాళ్లు పాలు పిండి చూపించమంటారు కదా, ఇదీ అంతే. డబ్బు తెచ్చాను, నీళ్ల మీద బాగుంటే ఇవాళే తీసుకుంటాను అని చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. వీలైతే ఇంట్లో ఇబ్బంది పడే ఆ మనిషిని కూడా తీసుకెళ్లండి.

ముందుకి, వెనక్కి గేరు సాఫీగా పడాలి. స్టీరింగ్ రెండు వైపులా ఒకేలా తిరగాలి. నిదానంగా వేగం పెంచి, అటూ ఇటూ బోట్లు లేనప్పుడు పూర్తి వేగంతో రెండు నిమిషాలు నడపండి. మోటారు మాన్యువల్‌లో చెప్పిన ఆర్పీఎం దాకా వెళ్లాలి. వెళ్లకపోతే ప్రొపెల్లర్ సరిపడనిదో, మోటారు నీరసించిందో అయి ఉంటుంది. ట్రిమ్ బటను నొక్కితే మోటారు పైకి లేచి అక్కడే నిలబడాలి. మెల్లగా దిగిపోతుంటే హైడ్రాలిక్ లీకుంది. ఇరవై నిమిషాలయ్యాక ఆపి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయండి. బిల్జ్‌లో (బోటు అడుగున) నీళ్లు చేరాయా, పెట్రోలు వాసన వస్తోందా చూడండి. లైవ్‌వెల్ పంపు, హారన్, రాత్రి దీపాలు వేసి చూడండి. తర్వాత మోటారు ఆపేసి పదినిమిషాలు ఊరికే తేలుతూ కూర్చోండి. మీ పెద్దవాళ్లకి ఎలా ఉందో వాళ్ల ముఖంలో తెలిసిపోతుంది.

కాగితాలు

టెక్సస్‌లో మోటారు బోటుకి టైటిల్ ఉంటుంది. ఔట్‌బోర్డ్ మోటారుకి వేరే టైటిల్ ఉంటుంది. ఈ రెండూ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ దగ్గర. ట్రైలర్ సంగతి కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. మూడు వేర్వేరు కాగితాలు, మూడింటి మీదా అమ్మేవాళ్ల పేరే ఉండాలి. మోటారు టైటిల్ ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తాను అంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి.

వెనక కుడివైపు పైన 12 అక్షరాల హల్ నంబరు చెక్కి ఉంటుంది. టైటిల్ మీదున్న దానితో అక్షరం అక్షరం పోల్చండి. 1984 ఆగస్టు తర్వాతి బోట్లకి చివరి రెండంకెలు మోడల్ ఏడాది. ప్రకటనలో 2012 అని ఉండి నంబరు చివర 09 ఉంటే ఎందుకో అడగండి. మోటారు మీది సీరియల్ నంబరు కూడా చూడండి. బ్యాంకు అప్పు తీరిందో లేదో డిపార్ట్‌మెంట్ దగ్గర కనుక్కోవచ్చు. హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిన బోటు అయితే 2017 హార్వే తుఫానులో మునిగిందా అన్నది అడిగి, వైర్ల చివరలు ఆకుపచ్చగా మారాయేమో మీరే చూడండి.

నీళ్లలోకి దిగే ముందు

1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే టెక్సస్‌లో బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. అంతకు ముందు పుట్టినవాళ్లు కూడా చేయడం మంచిది, నీళ్ల మీద ఎదురుపడిన బోటుకి ఎవరు దారి ఇవ్వాలో మనకి ఊళ్లో ఎవరూ నేర్పలేదు. 26 అడుగుల లోపు బోటు కదులుతున్నా, ఊరికే తేలుతున్నా 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్లకి తలా ఒకటి బోటులో ఉండాలి. 16 అడుగులు, ఆపైన ఉన్న బోటులో విసిరే తేలుడు దిండు కూడా ఉండాలి. ఈత రాని అమ్మమ్మ, తాతయ్య కూడా జాకెట్ వేసుకునే కూర్చోవాలని నా మాట. కొలత సరిపోయే జాకెట్ కొనండి, బోటుతో వచ్చిన పాత బూజు పట్టినవి పారేయండి.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న బోట్లలో వేగంగా వెళ్లేటప్పుడు, నడిపేవాళ్లు పడిపోతే మోటారుని ఆపేసే కిల్ స్విచ్ తాడు నడిపేవాళ్లకి తగిలించుకుని ఉండటం ఫెడరల్ నియమం. పాత బోట్లలో ఈ తాడే కనిపించదు, కొత్తది చవక. పాత ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటే దాని తయారీ ఏడాది చూడండి. ఒకసారి వాడి పారేసే రకం 12 ఏళ్లు దాటితే చెల్లదు.

పాంటూన్ మీద పిల్లలు రెయిలింగ్ బయట ముందు భాగంలో కాళ్లు వేలాడేసి కూర్చోవడానికి ఎంత మారాం చేసినా ఒప్పుకోవద్దు. అక్కడ నుంచి జారితే బోటు కిందకే వెళ్తారు. మోటారు నడుస్తున్నప్పుడు వెనక నిచ్చెన దగ్గర ఎవరూ ఉండకూడదు. ప్రొపెల్లరు ఒక భయం, కంటికి కనిపించని కార్బన్ మోనాక్సైడ్ ఇంకో భయం. విన్చ్ దగ్గర, మోటారు దగ్గర చున్నీ, చీర కొంగు ముడి వేసుకోమని చెప్పండి.

ఊరి నుంచి వచ్చిన నాన్నగారు సరదాగా బోటులో గాలం పట్టుకున్నా ఆయనకి లైసెన్సు కావాలి. ఒక్కరోజు లైసెన్సులు కూడా ఉన్నాయి. 17 ఏళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. టెక్సోమా రెండు రాష్ట్రాల నీరు కనక దానికి వేరే లైసెన్సు కూడా ఉంది, ఓక్లహోమా వైపు వెళ్లేటట్టయితే అదే తీసుకోండి.

కొన్న వారంలోనే ఇంపెల్లర్, గేర్ నూనె, ఇంజన్ ఆయిలు, పెట్రోలు ఫిల్టర్ మార్చించండి. ఇథనాల్ కలవని పెట్రోలు దొరికితే అదే పోయండి, 15 శాతం ఇథనాల్ కలిసిన ఇ15 మాత్రం పోయకూడదు. ట్రైలర్‌తో వెనక్కి నడపడం ముందు ఖాళీ పార్కింగ్‌లో నేర్చుకోండి. మొదటిసారి శనివారం ఉదయం ర్యాంప్‌కి వెళ్లొద్దు, మంగళవారం సాయంత్రం వెళ్లి దింపండి. దింపే ముందు డ్రెయిన్ ప్లగ్ బిగించి ఉందో లేదో చేత్తో తాకి చూడాలి. తిరిగి వచ్చేటప్పుడు ప్లగ్ తీసి, బిల్జ్, లైవ్‌వెల్, ఎర డబ్బా నీళ్లన్నీ ర్యాంప్ దగ్గరే ఒంపేయాలి. టెక్సోమాలో 2009లో కనిపించిన జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు ఇలా బోట్ల నీళ్లతోనే ఒక లేకు నుంచి ఇంకో లేకుకి పాకాయి, అందుకే ఇది ఇప్పుడు చట్టం. ఇంటికి చేరాక బోటుని పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు కవర్ కప్పండి.